పెద్ద యింజనుపై మన మక్కువ

మేడ్చలు నుండియు, శామీర్‌పేట నుండియు తెల్లవాఱకమునుపే బోయినపల్లి కూరగాయల బజారునకు పోవు బండ్లను గమనించినవారికి ఒక సంగతి స్పష్టపడును. పది పెట్టెల టమాట, నాలుగు సంచుల బెండకాయ, కొన్ని కట్టల కొత్తిమీర వేసికొని పోవు బండి సైతము తఱచుగా రెండున్నర లీటర్ల డీజిలు ఇంజనుగల పెద్ద పికప్పే యగుచున్నది. బండి కొనుటకై మన సంఘమునకు అప్పు దరఖాస్తు తెచ్చు సభ్యులు మొట్టమొదట పలుకు మాటయు ఇదియే: “ఇంజను పెద్దదిగా నుండవలెను.” దినమునకు ఎంత బరువు వేయుదురని యడిగినచో తడుముకొందురు, ఇంజను మాత్రము ముందే నిశ్చయమై యుండును. గుంట గుంటగా సాగుభూమి తఱుగుచున్న మండలములలో బండి మాత్రము ఏటేట పెరుగుచున్నది. ఈ మక్కువ ఎక్కడినుండి వచ్చినది, ఇప్పటికిని దానికి తగిన కారణము నిలిచియున్నదా యని విచారించుట అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఆ యప్పు తీర్పవలసినది ఇంజను కాదు గదా, పొలము!

ఇది మన రైతుల వెఱ్ఱి యని నవ్వువారు పట్టణములో కలరు. వారితో మేము ఏకీభవింపము. ఈ మక్కువ మనకే చెందినదియు కాదు. అమెరికా దేశములో పికప్పు బండి వ్యవసాయదారుని యింటి బండి. అక్కడ దశాబ్దములుగా ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజనుకే గౌరవము. 2011వ సంవత్సరపు ఎఫ్-150 బండిలో ఫోర్డు కంపెనీవారు 3.5 లీటర్ల ఆఱు సిలిండర్ల టర్బో ఇంజనును పెట్టినపుడు, ఇది బరువు లాగునా యని సందేహించినవారు పెక్కుమంది. అయినను అది నిలద్రొక్కుకొన్నది. మఱియొక కంపెనీయగు రామ్ వారు తమ 1500 బండి 2025వ సంవత్సరపు తరగతి నుండి 5.7 లీటర్ల హెమీ యను ఎనిమిది సిలిండర్ల ఇంజనును తీసివైచి 3 లీటర్ల ఆఱు సిలిండర్లదానిని అమర్చిరి. పాతదాని బలము 395 అశ్వశక్తులు, క్రొత్తదానిది 420. అయినను కొనువారు పాతదానినే యడిగిరి. తుదకు 2026వ సంవత్సరపు బండిలో హెమీని మరల పెట్టుదుమని 2025 జూనులో కంపెనీవారే ప్రకటింపవలసి వచ్చినది. బలము తక్కువైనదానిని కోరి తెచ్చుకొన్నారనగా, అక్కడివారు కొనునది బలము కాదు, అలవాటుపడిన చప్పుడు.

మన రైతు అంతటి విలాసవంతుడు కాడు. అతని మక్కువకు వేఱొక మూలము కలదు. అది చప్పుడుకన్న గట్టి మూలము.

అందుకు సాక్ష్యము మన నాలుకలమీదనే యున్నది. ఏ కంపెనీవారు చేసిన చిన్న లారీనైనను మనము నేటికిని “డీసీఎం” అనుచున్నాము. 1980ల దశకములో జపాను కంపెనీల పొత్తుతో తేలిక లారీలు చేసిన నాలుగు సంస్థలలో డీసీఎం టొయోటా ఒకటి. తక్కినవి ఐషరు మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా, మన జహీరాబాదులో వెలసిన ఆల్విన్ నిస్సాన్. డీసీఎం టొయోటా కొరియా దేశపు దేవూ చేతికి పోయి, అదియు మూతపడి, ఇరువది యేండ్లు దాటినది. పేరు మాత్రము నేడు ఐషరు బండి నెత్తిన కూర్చుండి యూరూర తిరుగుచున్నది. ఆ నలుగురి పోటీ నెదుర్కొనుటకు టాటావారు 1986లో 407 అను బండిని దింపిరి. జపాను బండ్లు నాజూకైనవే. కాని జపాను నాణెమగు యెన్ విలువ పెరుగుటచే అక్కడినుండి వచ్చు భాగముల వెల పెరిగెను. 407లో నున్నది 2,956 ఘనసెంటీమీటర్ల ఇంజను; లారీ షెడ్డులో పెరిగిన ఏ మేస్త్రీకైనను దాని ఎముకలన్నియు తెలియును. అది గెలిచినది. జహీరాబాదు కర్మాగారము కాలక్రమమున మహీంద్రావారి వశమైనది.

నేడు మన బాటలలో ఎక్కువగా కనబడు బొలేరో పికప్పు కథయు ఇట్టిదే. దాని ఇంజను 2,523 ఘనసెంటీమీటర్లది. సిలిండరు వెడల్పు 88.9 మిల్లీమీటర్లు, పిస్టను నడక 101.6 మిల్లీమీటర్లు, అనగా సరిగా మూడున్నర అంగుళములు, నాలుగు అంగుళములు. కొలతలే దాని పుట్టుక చెప్పుచున్నవి. ఇవి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అను అమెరికా కంపెనీవారి ట్రాక్టరు ఇంజన్ల నాటి కొలతలు. ఆ కంపెనీతో పొత్తు కలిపియే మహీంద్రావారు 1963లో ట్రాక్టర్ల సంస్థను స్థాపించిరి. కాబట్టి పొలములో ట్రాక్టరును విప్పి బిగించిన చేతికి ఈ పికప్పు ఇంజను పరాయిది కాలేదు. పంపు చెడినను, నోజిలు మూసికొనినను, వాల్వు అరిగినను, ఊరిలోని షెడ్డులోనే పని జరిగెడిది. తెల్లవాఱుజామున రెండు గంటలకు బండి మొరాయించినచో మేస్త్రీని నిద్రలేపి, మూడున్నరకెల్ల బజారు దారి పట్టిన రైతులు మనలో పలువురు కలరు. కోసిన పాలకూరకు రేపు అనునది లేదు. ఆ రైతు పెద్ద యింజనును ప్రేమించెననుటకన్న, ఆ మేస్త్రీని నమ్ముకొన్నాడనుట సత్యము.

దీనికి మఱి రెండు కారణములు తోడైనవి. పేరుపడ్డ పెద్ద బండిని అయిదేండ్లు వాడి అమ్మినను మంచి వెల వచ్చును. బంగారమువలె అక్కఱకు వచ్చునని పెద్దలు తలంతురు. రెండవది పైకి చెప్పుకొననిది: టన్నున్నర పాసింగు ఉన్న బండిలో రెండున్నర టన్నులు వేయవచ్చునను ఆశ. ఈ రెండవదానిని మేము సమర్థింపము. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టములోని 194వ సెక్షను అధిక భారమునకు 20,000 రూపాయల జరిమానాయు, మీఱిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలును విధించుచున్నది. జరిమానా సంగతి అటుండనిండు. రాజీవ్ రహదారిపై పొగమంచు వేళ బ్రేకులకు లొంగని బరువుతో పోవువాడు తన ప్రాణముతోనే గాక యెదుటివాని ప్రాణముతోను జూదమాడుచున్నాడు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మేస్త్రీని నమ్మి పెద్ద యింజనును కొన్నాము, సరి. ఆ మేస్త్రీ నేడు ఆ యింజనును విప్పగలడా?

పేరు పాతదే, కొలతలు పాతవే, లోపలి సంగతి మాఱినది. చమురును యంత్రపు పంపు కొట్టుట పోయి, విద్యుత్పరికరము ఆజ్ఞాపించిన క్షణమున కామన్ రైలు గొట్టమునుండి చిమ్ముట వచ్చినది. ఈ మార్పు కొంచెము కొంచెముగా మొదలై, 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి దేశమంతట భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలగుటతో పూర్తియైనది. నాటినుండి డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టి కాల్చు జల్లెడలు వచ్చి చేరినవి. గాలి శుభ్రపడుటకు ఇది మేలే. దానిని మేము తప్పుపట్టము. కాని ఫలమేమి? ముందు పలకపై ఒక పచ్చని దీపము వెలిగినచో, ఎందుకు వెలిగెనో స్కానరు లేనిదే ఎవరును చెప్పలేరు. ముప్పది యేండ్లు అనుభవముగల మేస్త్రీ చెవి యొగ్గి విని రోగము చెప్పు కాలము పోయినది. బండిని తాడు కట్టి పట్టణములోని కంపెనీ షెడ్డునకు లాగించుకొని పోవలసి వచ్చుచున్నది.

అంతియే కాదు. ఆ మసి జల్లెడ తనంతట శుభ్రపడుటకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. పెద్ద యింజనుకు నిండు బరువు వేసి దూరము తోలినచో ఆ వేడి పుట్టును. అరటన్ను కూరగాయలతో 20 కిలోమీటర్లు నెమ్మదిగా పోయి, బజారు గేటు ముందు గంటసేపు ఇంజను నడుచుచుండగనే నిలిచి, ఖాళీగా తిరిగివచ్చు బండిలో ఆ వేడి పుట్టుట కష్టము, మసి నిలిచిపోవును. అనగా మన మండలపు రైతు చేయు చిన్న ప్రయాణమే నేటి పెద్ద డీజిలు ఇంజనుకు పడని తిండి. పాత యింజను ఏమి పెట్టినను తిని హరించుకొనెడిది. దాని పేరు పెట్టుకొన్న మనుమడు పథ్యము కోరుచున్నాడు.

బలము మాటయో? బొలేరో మ్యాక్స్ పికప్పులో అధిక బలము గల తరగతి 2,523 ఘనసెంటీమీటర్ల ఇంజను 80 అశ్వశక్తులను, 220 న్యూటన్-మీటర్ల త్రిప్పుడు బలమును ఇచ్చునని కంపెనీవారి లెక్క. టాటా ఇంట్రా వి50 బండిలోని 1,496 ఘనసెంటీమీటర్ల ఇంజనుకును అవే రెండు అంకెలు: 80, 220. ఒక లీటరు తక్కువైనను చక్రమును చేరు బలము సమానము. టర్బో అను గాలి పంపు ఆ లోటును పూడ్చుచున్నది. నిజము చెప్పవలెనన్న, టర్బో యందుకొనకమునుపు, బురదలో మొదటి గేరున బండి కదలునప్పుడు, పెద్ద సిలిండరు ఒక పిడికెడు ఎక్కువ బలము చూపును. చిన్నదానికన్న తక్కువ శ్రమపడును గనుక పెక్కేండ్లు మన్నునను వాదమును త్రోసివేయదగినది కాదు. ఆ పిడికెడు బలముకొఱకు ఎంత చెల్లించుచున్నామో తెలిసి చెల్లించిన మాకు ఆక్షేపణ లేదు.

ఆ లెక్క ఒకసారి వేయుదము. రానుపోను దినమునకు 40 కిలోమీటర్లు, ఏడాదిలో 300 దినములు అనుకొందము, 12,000 కిలోమీటర్లు. పెద్ద డీజిలు బండి లీటరుకు 12 కిలోమీటర్లు పోయినచో 1,000 లీటర్లు కావలెను. 2024లో హైదరాబాదున లీటరు డీజిలు 95 రూపాయలకు పైబడి యుండెను. కావున 95,000 రూపాయలు. చిన్న పెట్రోలు బండి లీటరుకు 18 పోయినచో 667 లీటర్లు చాలును. అదే యేట పెట్రోలు వెల 107 రూపాయలకు పైబడి యున్నను 71,400 రూపాయలతో తీరును. తేడా 23,600. ఇది చమురు లెక్క. వెల లెక్క వేఱు. బొలేరో మ్యాక్స్ పికప్పు 2023 ఏప్రిలులో వెలువడినపుడు దాని ఆరంభపు వెల 7 లక్షల 85 వేలు. ముప్పాతిక టన్ను మోయు టాటా ఏస్ ప్రో పెట్రోలు బండి 2025 జూనులో వెలువడినపుడు ఆరంభపు వెల 3 లక్షల 99 వేలు. తేడా 3 లక్షల 86 వేలు. నూటికి 10 వడ్డీ చొప్పున చూచినను మొదటి యేట 38,600 రూపాయలు వడ్డీకే పోవును. రెండును కలిపిన 62,200. మున్నూఱు దినములకు పంచినచో దినమునకు 200 రూపాయలకు పైమాట. పది పెట్టెల టమాట వేయువానికి పెట్టెకు 20 రూపాయలు. మైలేజీ అంకెలు ఒక్కొక్క బండికి మాఱవచ్చును. సభ్యులు తమ తమ అంకెలు వేసికొని చూడవలెను. టమాట వెల పడిపోయిన దినములలో పెట్టెకు 20 రూపాయలనగా ఏమో రైతునకు మేము చెప్పనక్కఱలేదు.

ఇట్లనుటచే పెద్ద బండియే వలదని మా భావము కాదు. కోళ్ల దాణా మోయువారికి, కోళ్ల ఫారముల ఎరువు తోలువారికి, ఇరుగుపొరుగు పది కమతముల పంట నొక్కటిగా చేర్చి బజారునకు కొనిపోవువారికి, కరీంనగరు దాక కిరాయికి పోవువారికి పెద్ద పికప్పు తగినదే. నిండు బరువుతో నడచు బండి తన అప్పు తాను తీర్చుకొనును. మా విచారమంతయు ఎకరమున్నర ఆకుకూరల మడి గల సభ్యుని గూర్చియే. అందును, రోడ్డు ప్రక్కని తుండు అమ్మిన సొమ్మును బయానాగా కట్టి, మిగిలిన తుండును కుదువపెట్టి పెద్ద బండి తెచ్చుకొను యువకుని గూర్చి. 2005లో టాటా ఏస్ అను రెండు సిలిండర్ల, 702 ఘనసెంటీమీటర్ల బండి వచ్చినపుడు మనవారే “ఛోటా హాథీ” యని ముద్దుపేరు పెట్టుకొని, గల్లీ గల్లీకి తోలుకొనిపోయిరి. చిన్న యింజను మనకు చేతగానిది కాదు. పెండ్లి పత్రిక పంచుటకు పోయినపుడు గుమ్మము ముందు నిలుపుటకు పెద్ద బండి శోభ తెచ్చునను మాట మాత్రము ఒప్పుకొందుము.

మఱి మేస్త్రీ సంగతి యేమి? చిన్న బండి కొన్నను అందులోను అదే విద్యుత్పరికరము, అదే పచ్చని దీపము. కావున ఈ వ్యాధికి మందు బండి మార్చుటలో మాత్రమే లేదు. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ వారు 14 కారు కంపెనీలపై మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించిరి. విడిభాగములను, రోగము కనుగొను పరికరములను స్వతంత్ర మేస్త్రీలకు అందనీయకపోవుటయే అందు చెప్పబడిన నేరము. దానిపై అప్పీళ్లు నడచినవి. అయినను ఆ తీర్పులోని న్యాయము మన పల్లె షెడ్డునకు చక్కగా వర్తించును. 2022 డిసెంబరు 24న కేంద్రప్రభుత్వపు వినియోగదారుల శాఖవారు “మరమ్మతు హక్కు” పేర ఒక పోర్టలు తెఱచి, వ్యవసాయ పరికరములను, మోటారు బండ్లను అందు చేర్చిరి. మంచిదే. కాని పోర్టలు వేఱు, హక్కు వేఱు. స్కానరును, మరమ్మతు పుస్తకమును, విడిభాగమును తగిన వెలకు ఏ మేస్త్రీకైనను అమ్మి తీరవలెనని శాసనము ఆజ్ఞాపించు దినము వచ్చిననే అది హక్కు అగును. రైతులును, రైతుల సంఘములును అడుగవలసినది ఇది. పెద్ద యింజను కావలెనని కంపెనీవారిని అడుగుచు వచ్చితిమి. విప్పగల యింజను కావలెనని అడిగినవారము కాము.

విప్పగలదైనచో మన రైతు దేనినైనను స్వీకరించుననుటకు బావియే సాక్షి. నిమిషమునకు 650 చుట్లు మాత్రము తిరుగు, బరువైన చక్రములు గల లిస్టరు తరహా ఆయిలు ఇంజన్లు రాజ్‌కోటులో దశాబ్దములపాటు తయారై దేశమంతట బావులపై దగ్గినవి. ఆ ధుంధుమారము వినబడనిచో నీరు పాఱుట లేదని భావించిన ముసలివారు ఉండెడివారు. కరెంటు మోటారు వచ్చిన పిమ్మట ఆ చప్పుడును తలంచుకొని కంట తడిపెట్టినవారిని మేము ఎఱుగము. ఏల? మోటారు కాలిపోయినచో వైండింగు చుట్టువాడు ఊరిలోనే వెలసెను. రాగి తీగ బజారున దొరకెను. ఆ పని నేర్చుటకు ఏ కంపెనీ అనుమతియు అక్కఱలేకపోయెను.

బ్యాటరీ బండ్ల సంగతియు దీనినిబట్టియే తేలును. టాటావారి ఏస్ ఈవీ 2022 మేలో వెలువడినది. 600 కిలోలు మోయును. ఒక ఛార్జికి 154 కిలోమీటర్లు పోవునని ధ్రువపత్రము కలదు. మన 40 కిలోమీటర్ల రాకపోకకు ఇది చాలును. కదలిన క్షణముననే 130 న్యూటన్-మీటర్ల బలమిచ్చునట్టి మోటారు, బురదలోని మొదటి గేరు వాదమునకు సమాధానము కూడ. తెలంగాణ ప్రభుత్వమువారు 2024 నవంబరులో ప్రకటించిన విధానముచే, 2026 డిసెంబరు 31 వరకు రిజిస్టరగు విద్యుద్వాహనములకు రోడ్డు పన్ను మినహాయింపు ఈయబడినది. అయినను సభ్యులు వెనుకాడుచున్నారన్న మేము ఆశ్చర్యపడము. బ్యాటరీ పెట్టెను తెఱచువాడు మేడ్చలులో ఎక్కడ నున్నాడని వారడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది.

సంఘము తన చేతిలోనున్న పని చేయవచ్చును. బండి అప్పునకు దరఖాస్తు పెట్టు సభ్యుడు ఇక మీదట ఒక మాసపు తక్‌పట్టీలను జతపఱచవలెనని మా సూచన. ఏ దినమున ఎంత సరకు బజారు చేరెనో అందు వ్రాసియుండును. బండి పరిమాణము దానినిబట్టి నిర్ణయింపవచ్చును. అమ్మకము తక్కువగానున్నను పెద్ద బండియే కావలెనను సభ్యుడు అందుకు కారణము చెప్పినచో వినుటకు కమిటీ సిద్ధముగా నుండవలెను. కిరాయిలు తోలుకొని సంపాదింతునను యువకుని నోరు మూయించుట సంఘముల పని కాదు. పంట కోతల దినములలో వాడుకొనుటకు సంఘము పేరనే ఒక పెద్ద పికప్పు కొని, కిలోమీటరు చొప్పున కిరాయి కట్టించుకొని సభ్యులకు తిప్పుట రెండవ సూచన. ఇట్టి బండికి నిండు బరువు దొరకును. జల్లెడలో మసియు నిలువదు. మూడవది, పలు కంపెనీల బండ్లకు పనిచేయు స్కానరు నొకదానిని సంఘము కొని, మేడ్చలులో ఒకరికి, శామీర్‌పేటలో ఒకరికి, నమ్మకస్థులైన ఇద్దఱు మేస్త్రీలకు దాని వాడుక నేర్పించుట. ఎవరిని ఎన్నుకొనవలెనో, పరికరము ఎవరి షెడ్డులో నుండవలెనో యన్నచోట తగవు పుట్టునని మాకు తెలియును. వచ్చు సర్వసభ్య సమావేశములో మొదట ఆ తగవునే తెగదెంపులు చేసికొనుట మంచిది. తక్కిన రెండు సూచనలకు ఓటు పిమ్మట అడుగవచ్చును.